మిషనక్క చెవులు

జూన్ 9

తమ్ముడికి,

ఈసారి దీవెనలు లేవు. కోపం తగ్గాక విడిగా పంపిస్తాను.

మొన్న మాట మధ్యలో ఫోన్ పెట్టేశానని నువ్వు తిండి మానేసి కూర్చున్నావని మరదలు మెసేజ్ పెట్టింది. పెట్టేయక ఏం చెయ్యను? ఫోన్లో నీ గొంతు నాకు మాటలుగా రావడం లేదురా. మూత పెట్టిన డబ్బాలోంచి ఎవరో గొణుగుతున్నట్టు వస్తోంది. రెండుసార్లు "ఏంటి" అన్నాను. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. పోనీ మెసేజ్ కొడదామంటే వేళ్ళ కొసలు మొద్దుబారి, ఒక అక్షరం నొక్కితే పక్కది పడుతోంది. నిన్ను తిట్టబోతే పొగిడినట్టు తయారైంది. అందుకే ఉత్తరం. పెన్నయితే కాస్త లావుగా ఉండి చేతికి దొరుకుతోంది.

ఇంక అసలు సంగతి. కుట్టు హాలు ఓనరు, ఆ పొడుగాయనకి నువ్వెందుకు ఫోన్ చేశావు? నిన్న పొద్దున వాళ్ళ హాలుకి వెళ్ళాను. ఎప్పట్లాగే మూలన నాలుగు మిషన్లు రిపేరుకి పెట్టి ఉన్నాయి. సంచీ దించి స్క్రూడ్రైవర్ తీశానో లేదో, ఆయన పరిగెత్తుకొచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. మీరు రెస్టు తీసుకోవాలటగా, మీ తమ్ముడుగారు మిషన్లు ఇవ్వొద్దని మరీ మరీ చెప్పారు అన్నాడు. హాలంతా కుట్టడం ఆపి నన్నే చూసింది. అంతమంది ఆడవాళ్ళు జాలిగా చూస్తే ఎలా ఉంటుందో నీకు తెలీదులే.

మీ బావ పోయాక నాకు దిక్కయినవి ఆ మిషన్లే. నేను మిషన్ ఊరికే విప్పను, ముందు చక్రం చేత్తో తిప్పి వింటాను. సూది వెళ్ళి కింది హుక్కుకి తగిలితే సన్నగా "టిక్" అంటుంది. ఆ ఒక్క చప్పుడుతో రోగం ఎక్కడుందో చెప్పేదాన్ని. అందుకే కదా నన్ను ఊరంతా మిషనక్క అనేది. ఇప్పుడు చెవిలో రాత్రీ పగలూ కందిరీగ తిరుగుతోంది, నిజమే. కాఫీ తాగినా ఇనుప ముక్క చప్పరించినట్టుంది, అదీ నిజమే. రాలిపోయిన జుట్టు ఉంగరాలు తిరిగి మొలిచి, అద్దంలో ఎవరో కొత్తావిడ కనిపిస్తోంది. ఇవన్నీ నేను మోస్తున్నాను కదా. మధ్యలో నీ పెత్తనం ఏమిటి?

నీ డ్రిల్లు ఈల నీ బళ్ళో ఊదుకో. నా మిషన్ల జోలికి రాకు.

ఉంటాను, ఉన్నంత కాలం,
అక్క

జూన్ 17

అక్కకి,

దీవెనలు లేకపోయినా నమస్కారం.

ముందు ఒక అబద్ధం సరిచేయాలి. మిషన్లు ఇవ్వొద్దని నేను అనలేదు. ఆయనే ఫోన్ చేసి, అక్కగారు మనిషి సగమైపోయారు, ఏం చెయ్యమంటారు అని అడిగితే, కొన్నాళ్ళు తక్కువ ఇవ్వండి అన్నాను. తక్కువ అన్నదాన్ని ఆయన అసలు వద్దు చేసుకుంటే నా తప్పా? నీకు ముక్కు మీదే కోపం కాబట్టి అడక్కుండానే తీర్పు చెప్పేశావు.

నీ కోపం మిషన్ల గురించి కాదని నాకు తెలుసు. కీమో మందులు అయిపోగానే నిన్ను వదిలేసి ఇక్కడికి వచ్చేశానని. ఏం చెయ్యను చెప్పు. బళ్ళో సెలవు అయిపోయింది. నేను లేనన్నాళ్ళూ పిల్లలకి లెక్కల మాస్టారు డ్రిల్లు చేయించాడు. ఆయన "కుడివైపు తిరుగు" అని తనే ఎడమకి తిరిగేవాడట. ఇప్పుడు బడి మొత్తం అలాగే తిరుగుతోంది, నేను మళ్ళీ మొదట్నుంచి దిద్దుకుంటున్నాను.

నీ చెవుల కోసం మిషన్ ఒకటి కొని పార్సిల్ చేశాను. షాపువాడు చాలా మంచిదన్నాడు. చెవి వెనక తగిలించుకుంటే చాలు. నీ మరదలు మెత్తటి మేజోళ్ళు కూడా పెట్టింది, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయన్నావు కదా. అది ఇంకా ఏడుస్తూనే ఉంది, వదినకి నా మీద కూడా కోపమేమో అని. దానికైనా ఒక మాట రాయి.

అక్కా, ప్రాణం దక్కింది. అది చాలు కదా. చెవులదేముంది, మెల్లగా అవే సర్దుకుంటాయి.

తమ్ముడు

జూలై 2

తమ్ముడికి,

మరదలికి చెప్పు, మేజోళ్ళు బాగున్నాయి, దాని మీద నాకేం కోపం లేదు. మన ఇంట్లో బుద్ధున్నది దానికొక్కదానికే. ఇక్కడి నుంచి మిగతాదంతా నీకు.

నువ్వు పంపిన చెవి మిషన్ పెట్టుకున్నాను. గిన్నెల చప్పుడు పిడుగులా పడింది. నేను నమిలే చప్పుడు నాకే వినిపించి తినబుద్ధి కాలేదు. మాటలు మాత్రం ఎప్పటిలాగే గొణుగుడు, పైగా అది మధ్యమధ్యలో కీచుమంటుంది. చెవి చూడకుండా చెవి మిషన్ ఎలా కొన్నావురా? సూది సైజు అడక్కుండా నేను ఎవరికైనా సూది అమ్మానా? దాన్ని పనికిరాని బాబిన్ల సొరుగులో పడేశాను.

"ప్రాణం దక్కింది, చెవులదేముంది" అన్నావు. పక్కింటావిడ అదే అంటుంది, హాలు ఓనరు అదే అంటాడు, ఆస్పత్రిలో గేటు తీసేవాడు కూడా అదే అంటాడు. దక్కిన ప్రాణాన్ని ఏం చేసుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఇల్లు అలకగానే పండగ కాదురా. మందులు ఆపేసిన రోజు మీరంతా నా చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు చూడు, నాకు ఆ రోజు నుంచే అసలు రోగం మొదలైంది. అంతకుముందు నీరసంగా ఉంటే అయ్యో అనేవాళ్ళు. ఇప్పుడు నీరసంగా ఉంటే, నయమైంది కదా ఇంకా ఏంటి అంటున్నారు.

ఇంకోటి. నువ్వు వెళ్ళిపోయినందుకు కాదు నా కోపం. వెళ్ళాక కూడా వదలనందుకు.

ఇప్పుడు చెప్పేది చదివి సంతోషించు. పొడుగాయన మిషన్లు ఇవ్వకపోతే నేను ఊరుకుంటానా? కాలర్లు కుట్టే ఆవిడ ఉంది చూడు, వసపిట్ట, నోరు మూస్తే ఊపిరాడదు దానికి. దాని మిషన్ సూదులు విరుస్తోందంటే, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు చూశాను. హుక్కు సరిచేశాను. చక్రం తిప్పి విన్నాను. ఏ చప్పుడూ లేదు. భేషుగ్గా ఉంది కుట్టుకో అన్నాను. చప్పుడు లేక కాదురా. ఉంది, నాకు వినపడలేదు. అది పెడల్ తొక్కిన వెంటనే సూది ఫట్టున విరిగి ముక్క ఎగిరి దాని చెంపకి గుచ్చుకుంది, కంటికి బొటనవేలంత కింద. రక్తం చూసి నా కొంగుతో దాని చెంప అదిమి పట్టాను. అది మాత్రం ఏం కాలేదక్కా, ఏం కాలేదక్కా అంటూనే ఉంది. దాని పెదాలు చూస్తే తెలిసింది ఏమంటోందో.

పొడుగాయన వచ్చి చూసి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మీ తమ్ముడుగారు చెప్పింది నిజమేనండి అన్నాడు.

వచ్చే నెల ఆస్పత్రిలో చూపించుకోవాలి కదా. వెళ్ళను. నయమైన దానికి ఆస్పత్రి ఎందుకు?

అక్క

జూలై 10

అక్కకి,

ఆవిడ చెంప ఎలా ఉంది? ముందు అది రాయి. నీ ఉత్తరం అక్కడ ఆపి మళ్ళీ మొదట్నుంచి చదివాను.

ఆ తర్వాత నాకు కోపం వచ్చింది. నాకూ వస్తుంది అక్కా, నీ ఒక్కదాని సొత్తు కాదు. చూపించుకోవడానికి వెళ్ళనంటావా? నీ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నెలల తరబడి కూర్చున్నది ఎవరు? నువ్వు నీళ్ళు కూడా కక్కుతుంటే బేసిన్ పట్టింది ఎవరు? నోరంతా పుళ్ళు పడితే స్పూనుతో సూపు పోస్తూ, కొంచెం మింగు కొంచెం మింగు అని బతిమాలింది ఎవరు? నేనేం లెక్క చెప్పడం లేదు. కానీ అంత చేసి దక్కించుకున్న మనిషి, చెవుల మీద అలిగి ఆస్పత్రికే వెళ్ళనంటే, దున్నపోతు మీద వాన కురిసినట్టు నేను నిలబడి చూడాలా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే.

పెద్ద డాక్టరుకి నేనే ఫోన్ చేశాను. వచ్చే నెల దాకా ఆగకుండా ఈ నెల ఇరవయ్యో తారీఖు పొద్దునే రమ్మన్నాడు. నీ చెవుల సంగతి, వేళ్ళ సంగతి, నువ్వు సరిగ్గా తినడం లేదన్న సంగతి అన్నీ చెప్పేశాను. వెళ్ళి కూర్చుంటే చాలు. ఆగస్టులో మళ్ళీ చూపించుకునేటప్పటికి వారం రోజులు సెలవు పెట్టాను, అప్పుడు నేనూ వస్తాను.

తిట్టుకో. వెళ్ళి మాత్రం రా.

తమ్ముడు

జూలై 24

నీకు,

ఆస్పత్రికి వెళ్ళాను. చూపించుకోవడానికి కాదు. నా ఒంటి గురించి నా తమ్ముడితో ఎందుకు మాట్లాడుతున్నారు, నాకు నోరు లేదా అని డాక్టరుని కడిగేద్దామని వెళ్ళాను.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, మాస్కు తీసి, నాకు వినపడేలా గట్టిగా నెమ్మదిగా చెప్పాడు. మంచివాడే. ఈ మందుకి చెవులు అలా అవుతాయని సగం కోర్సులోనే తెలిసిందమ్మా, చెవుల పరీక్షలో అప్పటికే తేడా కనిపించింది అన్నాడు. చెవులకి అంత హాని చెయ్యని మందు ఇంకోటి ఉంది, కానీ మీ జబ్బు మీద దీనంత గట్టిగా పనిచేస్తుందని చెప్పలేం, మార్చమంటారా అని మీ తమ్ముడుగారిని అడిగాం, వద్దన్నారు అన్నాడు. మీకు చెప్పే ఉంటారు కదా అని కూడా అన్నాడు.

చెప్పే ఉంటావు కదా.

ఆయన ముందు తల ఊపి వచ్చేశాను. నా తమ్ముడు నాకు చెప్పలేదని పరాయివాడి ముందు ఒప్పుకోలేకపోయాను. బస్సు స్టాపులో కూర్చుంటే రెండు బస్సులు వెళ్ళిపోయాయి, ఎక్కలేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకు చెప్పడం కూడా దండగ అనుకున్నావన్నమాట. నువ్వు ఊ అంటే నా చెవులు ఉండేవేమో. వద్దన్నావు, పోయాయి. మళ్ళీ నువ్వే వాటికి మిషన్ కొని పంపావు. "చెవులదేముంది" అని రాశావే, ఆ ముక్క రాసేటప్పుడు నీ చెయ్యి ఒక్క క్షణం ఆగలేదా? ఆయన నిన్ను అడిగిన ఆ రోజు నేనెక్కడున్నాను? గోడకి అటువైపే కదా? వచ్చి నన్ను లేపి అడిగితే నీ సొమ్మేం పోయింది?

ఆస్పత్రి పనులన్నీ నువ్వే చూసుకోరా అన్నాను, ఒప్పుకుంటాను. ఏ బెడ్డు, ఏ టైము, ఏ టాక్సీ. అవి. నా చెవులు చూసుకోమనలేదు.

సెలవు రద్దు చేసుకో. నా గుమ్మం తొక్కకు.

ఆగస్టు 1

అక్కకి,

సెలవు రద్దు చేసుకున్నాను. ఈ ఉత్తరం చదవకుండా చింపేస్తావని తెలుసు. అయినా రాస్తున్నాను.

ఆ రోజు నీకు జ్వరం. కళ్ళు తెరిచే ఉన్నావు కానీ నన్ను గుర్తుపట్టలేదు. మిషన్లకి నూనె ఎవరు పోస్తున్నారు అని అడుగుతున్నావు, పోస్తున్నాను అక్కా అంటే, అబద్ధం, బెల్టు కీచుమంటోంది, నాకు ఇక్కడికి వినిపిస్తోంది అన్నావు. బయట వరండాలో డాక్టరు నన్ను ఆపి ఆ ప్రశ్న అడిగాడు. జ్వరం తగ్గాక ఆవిడనే అడుగుదాం అని కూడా అన్నాడు, అది నీకు చెప్పి ఉండడు. ఒక్క రోజు ఆగితే సరిపోయేది. నేనే అక్కర్లేదన్నాను. మా అక్క అన్నీ నాకే వదిలేసింది, మార్చొద్దు అన్నాను.

ఎందుకో తెలుసా? అడిగితే నువ్వేమంటావో నాకు తెలుసు. అందుకే అడగలేదు.

మార్చమనేదానివి. చెవులు లేకపోతే నేను దేనికి పనికొస్తాను అనేదానివి. నేను బతిమాలినా వినేదానివి కాదు. నాకు మిషనక్క అక్కర్లేదు. మిషనక్క ఊళ్ళోవాళ్ళకి. అమ్మా నాన్నా పోయాక నాకు ఉన్నది నువ్వొక్కదానివే, చెవుడో మూగో నాకు మనిషి కావాలి. ఇంత స్వార్థం ఉందని నాకే తెలీదు, ఆ వరండాలో తెలిసింది.

తర్వాత చెబుదామనుకున్నాను. ముందు నీ జ్వరం తగ్గాలి అనుకున్నాను, తగ్గింది. కోర్సు అవ్వాలి అనుకున్నాను, అయింది. ఆ తర్వాత నువ్వు ఫోన్లో "ఏంటి, ఏంటి" అనడం మొదలుపెట్టావు. ఇంక నోరు రాలేదు. చెవి మిషన్ కొన్నాను. "చెవులదేముంది" అని రాసేటప్పుడు చెయ్యి ఆగిందా అని అడిగావు. ఆగింది. మూడు కాగితాలు చింపి ఆ ముక్క రాశాను.

క్షమించమని అడగను. మళ్ళీ ఆ వరండాలో నిలబెడితే మళ్ళీ అదే చెబుతాను. నీ దగ్గర దాచినందుకు మాత్రం తల దించుకుంటాను, అది దొంగతనమే.

నువ్వు ఆస్పత్రికి వెళ్ళడం మానకు. నా మీద కోపంతో బతుకు, నాకేం అభ్యంతరం లేదు.

తమ్ముడు

ఆగస్టు 19

తమ్ముడికి,

చింపలేదు. రెండుసార్లు చదివి బియ్యం డబ్బా వెనక పడేశాను. జవాబులు మాత్రం నేను రాసినవే చింపాను. ఒకదాంట్లో తిట్లు మరీ ఎక్కువైపోయాయి, మరదలు చదివితే బాగుండదని.

నువ్వు అనుకున్నది నిజం. అడిగి ఉంటే మార్చమనేదాన్ని. ఆ తర్వాత ఉండేదాన్నో పోయేదాన్నో డాక్టరుకీ తెలీదు, నీకూ తెలీదు. ఆ మందు కూడా సరిపోయేదేమో, నా చెవులు నాకు ఉండేవేమో. నువ్వు నన్ను బతికించావో ఊరికే చెవిటిదాన్ని చేశావో తేలే దారి లేదు. తేలితే బాగుండేదిరా. నీ చేతులు కళ్ళకద్దుకోవడమో, నీ పళ్ళు రాలగొట్టడమో, ఏదో ఒకటి చేసి హాయిగా నిద్రపోయేదాన్ని. ఇప్పుడు పొద్దున లేచి ముఖం కడుక్కుంటూ నిన్ను తిడతాను. తిడుతూ తిడుతూ, లేచి తిట్టడానికి ఉన్నాను కదా అనుకుంటాను. దాంతో ఇంకా మండుతుంది.

కాలర్లావిడ చెంప మానింది, చిన్న మచ్చ మిగిలింది. నేను మొహం చాటేసి తిరుగుతుంటే అదే ఇంటికి వచ్చి నన్ను హాలుకి లాక్కెళ్ళింది. మిషన్ మీద కూర్చునేది నేనే కదక్కా, నాకు వినపడదా అంది. ఇప్పుడు నేను చక్రం తిప్పుతాను, అది చెవి ఆనించి టిక్ అన్నప్పుడు చెయ్యి ఎత్తుతుంది. మొదట్లో దగ్గినా, పక్క మిషన్ ఆగినా చెయ్యి ఎత్తేది. పాతికసార్లు కోప్పడ్డాను. అది కబుర్లు ఆపి వినడం నేర్చుకోవడమే హాలంతటికీ పెద్ద వింత. పొడుగాయన ఒక్కొక్క మిషన్ ఇస్తున్నాడు. పని మునుపటికన్నా రెట్టింపు ఆలస్యం అవుతోంది, చిన్న స్క్రూలు వేళ్ళకి తెలీకుండా జారిపోతున్నాయి, మధ్యాహ్నానికి గుడ్డపీలికల మూట మీద పడి నిద్రపోతున్నాను. ఇదివరకటి మిషనక్కని కాను. అవుతానో లేదో కూడా తెలీదు. అయినా ఎవరూ మంచినీళ్ళు ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టడం లేదు.

ఆస్పత్రికి నిన్న మళ్ళీ వెళ్ళాను, ఈసారి చూపించుకోవడానికే. జబ్బు జాడ లేదన్నాడు. కానీ తిరిగి రాకుండా ఇంకో ఏడాది పాటు ఇంకో మందు వాడొచ్చట. అది వాడితే వేళ్ళ మొద్దు ఇంకా పెరగొచ్చు. వాడకపోతే ఏమవుతుందో కచ్చితంగా చెప్పలేనన్నాడు. వచ్చే బుధవారం వచ్చి ఏ సంగతో చెప్పమన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. పక్క గదిలో ఏదో మోటారు తిరుగుతోంది, నా చెవిలో కందిరీగ మోగుతోంది, ఆయన చెప్పిందాంట్లో సగమే నాకు అందింది. సగం విని వేళ్ళ గురించి తేల్చుకోలేను.

కాలర్లావిడని తీసుకెళ్దామనుకున్నాను. అది ఆయన ఒక మాటంటే పది కలిపి చెబుతుంది. నువ్వు కలపవు, దాస్తావు. ఇద్దరిలో ఎవరు నయమో ఆలోచించి నీకు రాస్తున్నాను.

మంగళవారం సాయంత్రానికి రా. మంచం వేసి ఉంచుతాను. నిన్ను క్షమించలేదు, అది ఎప్పటికవుతుందో తెలీదు, తొందరపెట్టకు. బుధవారం ఆ గదిలో నా పక్కన కూర్చుని, డాక్టరు అన్నది అన్నట్టు నాకు గట్టిగా చెప్పాలి. భయపడే ముక్క ఉంటే అది ముందు చెప్పాలి. నీకు నచ్చని ముక్క ఉంటే రెండుసార్లు చెప్పాలి. ఆయన నన్ను ఏమంటారమ్మా అని అడిగినప్పుడు మాత్రం నువ్వు నా వైపు కూడా చూడకూడదు, గోడ చూడు. నేను వద్దన్నా సరే, వాడతానన్నా సరే, నీ గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చినా నాకు తెలుస్తుంది, వినపడక్కర్లేదు.

నా చెవులు నువ్వు పోగొట్టావు కాబట్టి చెవులు నువ్వే తేవాలి. నోరు నేను తెచ్చుకుంటాను.

అక్క